చెడ్డ కబురు ముందుగా ఎవరికి చెబుతారు?

(ట్రాయ్, మిషిగన్ నుంచి తెలుగు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం)



కిందటి నెల ఈ కార్యక్రమం అయిపోయి, నేను కోటు తొడుక్కుంటూ ఉండగా స్టూడియోకి ఒకావిడ ఫోను చేశారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. ఇక్కడే బిగ్ బీవర్ రోడ్డు మీద ఒక ఆఫీసులో పనిచేస్తున్నారు. కొత్తగా టీము లీడు అయ్యారు. తొమ్మిది మంది టీము, అందులో ఆరుగురు మన తెలుగువాళ్ళే. "నాకు గట్టిగా మాట్లాడటం చేతకాదండీ. మా పై ఆయనేమో నువ్వు మరీ మెత్తన, ఇలా ఉంటే నెత్తికెక్కుతారు, కాస్త కరుకుదనం నేర్చుకో అంటున్నారు. నేర్చుకోవాలంటారా?" అని అడిగారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆ తొమ్మిది మందిలో ఒకబ్బాయి పని బాగా వెనకబడిందట. రివ్యూలో అతనితో ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నిద్ర పట్టడం లేదన్నారు.

ఆవిడకి అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. "అలా మారకండమ్మా" అని ఊరుకున్నాను. ఇంటికెళ్ళే దారిలో కూలిడ్జ్ దగ్గర సిగ్నలు పడితే ఆగి ఆలోచిస్తూ ఉంటే నాకే సిగ్గేసింది. ఎందుకంటే ఒకప్పుడు నేను అచ్చం ఆ పై ఆయన లాంటివాణ్ణే. అందుకని ఈ వేళ ఆవిడకి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. మీరందరూ కూడా వినండి.

ముందు ఒక చిన్న మాట. ఆఫీసు పుస్తకాల్లో, ట్రైనింగుల్లో దీన్ని 'కైండ్‌నెస్' అంటున్నారు. తెలుగులో వెంటనే 'దయ' అనేస్తాం. కానీ ఆ మాటతో నాకొక ఇబ్బంది ఉంది. దయ ఎప్పుడూ పైనుంచి కిందకే పారుతుంది. దేవుడి దయ, దొరగారి దయ, మీ దయ వల్ల బాగున్నాం. పుచ్చుకునేవాడు చెయ్యి చాపాలి. ఆఫీసులో నాతో పనిచేసేవాడికి నేను చూపించాల్సింది అది కాదు. మన భాషలో దీనికి ఇంకా మంచి మాట ఒకటి ఉంది, మన్నన. మన్నించడం అంటే తప్పు క్షమించడమూ అవుతుంది, గౌరవించడమూ అవుతుంది. రెండూ ఒకే మాటలో ఎలా ఇమిడాయో నాకు తెలియదు గానీ, నేను చెప్పబోయేదంతా ఆ మాటలోనే ఉంది.

ఇక నా సంగతి. 2012 చలికాలం అది. నేను ఒక ఆటో సప్లయర్ కంపెనీలో చిన్న టీముని నడిపేవాణ్ణి. ఏ కంపెనీ అన్నది అనవసరం, ఈ చుట్టుపక్కల అలాంటివి బోలెడు. కారు తలుపు లోపల ఉండే ఒక చిన్న కంట్రోల్ పెట్టె మా పని. తాళం పడటం, అద్దం పైకీ కిందకీ జరగడం దాని చేతుల్లో ఉంటుంది. ఇలాంటి వాటిని మార్కెట్‌లోకి పంపే ముందు చల్లటి పెట్టెలో పెట్టి సున్నాకి నలభై డిగ్రీల కిందన పరీక్ష చేస్తారు. (అక్కడ ఫారెన్‌హీట్ అయినా సెల్సియస్ అయినా ఒకటే, కాబట్టి ఏ లెక్కలో అని అడగనక్కర్లేదు!)

ఆ పరీక్షలు చేసే కుర్రాడు విజయనగరం వైపువాడు. వచ్చి ఏడాదిన్నర అయింది. హెచ్-1 మీద ఉన్నాడు, గ్రీన్ కార్డు కాగితాలు మొదటి మెట్టులో ఉన్నాయి, భార్యకి ఏడో నెల. పని విషయంలో వంక పెట్టడానికి లేదు. అతనికి ఒకరోజు రాత్రి ఆ పెట్టె మేలుకోలేదు. మళ్ళీ ఆపి వేస్తే పనిచేసింది. నలభై, యాభై సార్లు వేస్తే ఒకసారి అలా అవుతోంది. మూడు వారాల పాటు అతను రాత్రిళ్ళు ల్యాబులో కూర్చుని ఒక్కడే దాన్ని పట్టుకోవాలని చూశాడు. నాకు చెప్పలేదు. నేను వారం వారం రిపోర్టులో 'పరీక్షలు సవ్యంగా జరుగుతున్నవి' అని రాసి పైకి పంపుతూనే ఉన్నాను.

చివరికి అది ఎక్కడ బయటపడిందీ అంటే, మా కస్టమరు అప్పర్ పెనిన్సులాలో మంచులో కార్లని నడిపి చూసే చోట. రాత్రంతా బయట పెట్టిన కారు పొద్దున్న తీస్తే అద్దం సగం దిగి అక్కడే ఉండిపోయింది. పాపం ఆ డ్రైవరు ఆ చలిలో అద్దం తెరిచిన కారులోనే తిరిగి వచ్చాడు. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. వాళ్ళ ఫోను తిన్నగా మా డైరెక్టరుకి వెళ్ళింది.

నేను ఆ కుర్రాణ్ణి పిలిచి అడిగాను, "ఎందుకు చెప్పలేదు?" అని. అతను కాసేపు నేలకేసి చూసి అన్నాడు, "రెండుసార్లు చెబుదామని వచ్చానండీ. మొదటిసారి మీరు ఫోనులో ఎవరినో కసురుతున్నారు. రెండోసారి మీరే అడిగారు, అంతా బాగుంది కదా అని. బాగుందన్నాను."

ఆ తర్వాత, నేను అడక్కుండానే, ఇంకో మాట చెప్పాడు. అంతకు రెండు నెలల ముందు ఒక మీటింగులో మా టీములో ఒక అమ్మాయి లెక్క తప్పు చేసింది. పద్నాలుగు మంది ముందు నేను ఆ అమ్మాయిని, "ఈ మాత్రం దానికి ఎం.ఎస్. ఎందుకు చేశావమ్మా?" అన్నాను. అందరూ నవ్వారు. నేనేదో చమత్కారం చేశాననుకుని ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను. ఈ కుర్రాడు ఆ గదిలో వెనక వరసలో కూర్చున్నాడు. "ఆ రోజే అనుకున్నానండీ, పూర్తిగా తేలకుండా మీ దగ్గరకి ఏదీ తీసుకురాకూడదని."

చూశారా, నేను అతన్ని ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. ఒకరిని అంటే చాలు, మిగతా పదమూడు మందికీ పాఠం వచ్చేస్తుంది. మన బళ్ళలో మాస్టారు ఒక్కణ్ణి బెంచీ ఎక్కిస్తే క్లాసంతా నోరు మూసుకునేది గుర్తుందా? అక్కడ నేర్చుకున్న విద్యనే నేను సముద్రాలు దాటించి ఇక్కడికి తెచ్చాను.

ఆ సాయంత్రం మా డైరెక్టరు దగ్గరకి వెళ్ళడానికి నాకు కాళ్ళాడలేదు. పొద్దున్న వెళ్ళవలసినవాణ్ణి సాయంత్రం దాకా నాన్చాను. అంటే ఆ కుర్రాడు చేసిందే నేనూ చేశాను! ఆయన ముప్ఫై ఏళ్ళుగా డెట్రాయిట్ కార్ల పనిలో తలపండిన మనిషి. నేను చెప్పిందంతా విని, కుర్చీ వెనక్కి జరుపుకుని, "సరే, ఇప్పుడు నీకు ఎవరు కావాలి?" అన్నాడు. అంతే. ఎవరు చేశారని అడగలేదు. మర్నాడు ఇంకో విభాగం నుంచి ఒక పెద్దాయన్ని పంపాడు. ఆయన మా కోడు చూసి, ఇది నేను ఇంతకు ముందొక ప్రాజెక్టులో చూశాను, చలికి లోపలి గడియారం నెమ్మదిగా మొదలవుతుంది, మీరు దానికోసం ఆగడం లేదు అన్నాడు. మధ్యాహ్న భోజనం వేళకి విషయం తేలిపోయింది. మూడు వారాలు ఒక్కడూ రాత్రిళ్ళు కుస్తీ పట్టింది పూటలో తేలింది. కానీ మళ్ళీ పరీక్షలన్నీ చెయ్యడానికి, కస్టమరు దగ్గర పోయిన పరువు తెచ్చుకోవడానికి ఆరు వారాలు పట్టింది. మా టీములో ఎవరికీ శనాదివారాలు లేవు. ఆ కుర్రాడు కూతురు పుట్టిన మర్నాడు కూడా ల్యాబుకి వచ్చాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఫోర్డ్ కంపెనీ కథ చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. మన పక్కనే, డియర్‌బార్న్‌లో జరిగింది కదా, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయినా చెబుతాను. 2006 సెప్టెంబరులో అలాన్ ములాలీ బోయింగ్ నుంచి ఫోర్డ్‌కి పెద్దగా వచ్చాడు. ఆ ఏడు ఫోర్డ్ నష్టం 1,200 కోట్ల డాలర్లకు పైనే. ఆయన ప్రతి గురువారం పెద్దలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరి పని వాళ్ళని రంగుల్లో చూపించమన్నాడు. సవ్యంగా ఉంటే ఆకుపచ్చ, అనుమానంగా ఉంటే పసుపు, చెడిపోతే ఎరుపు. వారాలు గడుస్తున్నాయి, చార్టులన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి. ఇన్ని వందల కోట్లు పోతున్నాయి, ఒక్కచోట కూడా ఏమీ చెడలేదా అని ములాలీ అడిగాడట. గదిలో చప్పుడు లేదు.

ఆ తర్వాత ఒక గురువారం మార్క్ ఫీల్డ్స్ అనే ఆయన ఎర్ర రంగు పెట్టాడు. అమెరికా ఖండాల వ్యాపారమంతా ఆయన చేతిలో ఉండేది. కెనడాలో ఓక్‌విల్ ఫ్యాక్టరీలో 'ఎడ్జ్' అనే కొత్త కారు విడుదలకి సిద్ధంగా ఉంది, ఒక లోపం కనబడి ఆపేశారు. ఆ రంగు తెర మీద పడగానే గదిలో మిగతావాళ్ళంతా ఇక ఇతని పని అయిపోయిందనుకున్నారట. ఫీల్డ్సే అలా అనుకున్నాడట. ములాలీ చప్పట్లు కొట్టాడు. విషయం ఇంత స్పష్టంగా చూపించినందుకు మెచ్చుకుని, ఇతనికి ఎవరు సాయం చెయ్యగలరు అని గది అంతటినీ అడిగాడు. వెంటనే ఒకరు ఇలాంటిది ఇంకో కారులో చూశామన్నారు, ఇంకొకరు ఇంజనీర్లని పంపుతామన్నారు. మరి కొద్ది వారాల్లో చార్టులన్నీ మూడు రంగుల్లోకీ వచ్చేశాయి. ఆ ఫీల్డ్సే 2014లో ములాలీ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఈ కథని మేనేజిమెంటు గురువులు అరగదీసేశారు, నిజమే. చప్పట్లు కొట్టడం వల్లే ఫోర్డ్ బతికిందని చెబితే నేను నమ్మను. 2006 చివర్లో కంపెనీ ఆస్తులన్నీ, ఆ నీలం గుర్తుతో సహా తాకట్టు పెట్టి 2,300 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చుకున్నారు. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా తీసినప్పుడు ఫోర్డ్ నిలబడటానికి అది పెద్ద కారణం. ఫ్యాక్టరీలు మూసేశారు, వేలాది మంది ఉద్యోగాలు పోయాయి. పైగా ములాలీ మెత్తటి మనిషేమీ కాదు. ఆ గదిలో ఒకరిని వెక్కిరిస్తూ జోకులు వెయ్యకూడదన్నది నియమం. ఆ పద్ధతి నచ్చనివాళ్ళని నవ్వుతూనే బయటకి సాగనంపేవాడు. నాకు నచ్చింది ఆ ఒక్క గురువారం. చెడ్డ కబురు వచ్చిన మొదటి క్షణంలో ఆయన మొహం ఎలా పెట్టాడన్నది.

ఆ క్షణంలో మొహం మరోలా పెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికీ దూరం వెళ్ళక్కర్లేదు. 2014లో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ స్విచ్ తయారుచేసింది డెల్ఫై, అప్పట్లో మన ట్రాయ్ కేంద్రంగా నడిచిన కంపెనీ. తాళంచెవి గుత్తి బరువుకో, మోకాలు తగిలో స్విచ్ జారిపోయేది. ఇంజన్ ఆగిపోయేది, స్టీరింగు బిగిసేది, ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. ఈ సంగతి కంపెనీలో కొందరికి దాదాపు పదేళ్ళుగా తెలుసు. 26 లక్షల కార్లు వెనక్కి పిలిచేసరికి 2014 వచ్చింది. పరిహారం ఇచ్చిన నిధి లెక్క ప్రకారం 124 మంది చనిపోయారు.

ఆ కంపెనీ తరఫునే విచారణ జరిపిన వాలుకాస్ అనే లాయరు నివేదికలో ఒక ముచ్చట ఉంది. మీటింగులో అందరూ తల ఊపుతారు, బయటకి వచ్చాక ఎవరూ ఏమీ చెయ్యరు. లోపలివాళ్ళు దానికి 'జీఎం నాడ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. అంతకన్నా నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. 2008లో ఆ కంపెనీ ఇంజనీర్లకి ఇచ్చిన ఒక శిక్షణలో, రాతలో వాడకూడని మాటల జాబితా ఉంది. 69 మాటలు. 'లోపం' అనకూడదు, 'డిజైన్ ప్రకారం పనిచెయ్యడం లేదు' అనాలి. 'సమస్య' అనకూడదు, 'విషయం' అనాలి. ఇది తెలిశాక నా 'పరీక్షలు సవ్యంగా జరుగుతున్నవి' అన్న వాక్యం గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. నేను చేసింది అద్దాల పెట్టె కాబట్టి సరిపోయింది. అదే బ్రేకులైతే?

భయం ఒక్కటే దీనికంతటికీ కారణమని ఆ నివేదిక అనలేదు. ఎవరి గది వాళ్ళది, ఎవరి బాధ్యతా కాదు, అదీ ఉంది. కానీ ఈ ఊళ్ళో భయం వట్టి ఊహ కాదని మనకి తెలుసు. 2002లో కేమార్ట్ దివాలా తీసింది, 2005లో డెల్ఫై తీసింది. రెండింటి హెడ్డాఫీసులూ అప్పట్లో ట్రాయ్‌లోనే ఉండేవి. 2009 సంగతి చెప్పనే అక్కర్లేదు, మన వీధుల్లో ఎన్ని ఇళ్ళ ముందు అమ్మకం బోర్డులు పడ్డాయో. మన వాళ్ళకి దానికి తోడు వీసా. అలాంటి చోట కింద ఉన్నవాడు నోరు విప్పాలంటే పైవాడు ముందే చోటు చూపించాలి. వాడే ధైర్యం తెచ్చుకోవాలనడం అన్యాయం.

హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసరు 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు లెక్కపెడుతూ ఒక వింత చూసింది. బాగా పనిచేస్తాయని పేరున్న నర్సుల బృందాల్లోనే ఎక్కువ తప్పులు కనబడ్డాయట! తర్వాత అర్థమైంది, అక్కడ తప్పులు ఎక్కువ జరగడం లేదు, ఎక్కువ చెప్పుకుంటున్నారు. తప్పులే లేని టీము కనిపిస్తే ఇప్పుడు నాకు గుండె దడ వస్తుంది.

మన హైదరాబాదు మనిషి గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. సత్య నాదెళ్ళ గారు 2017లో రాసిన పుస్తకంలో బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడిన రోజుల ముచ్చట ఒకటి ఉంది. ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగు ఘోరంగా ఉందట. కెప్టెన్ బంతి తీసుకుని తనే వేసి ఒక వికెట్టు పడగొట్టాడు. అంతటితో అయిపోయిందనుకుంటాం కదా? ఆ కెప్టెన్ మళ్ళీ బంతిని తెచ్చి ఈయన చేతిలోనే పెట్టాడట. ఆ తర్వాత ఈయన ఏడు వికెట్లు తీశారు. ఎందుకు ఇచ్చాడంటే, ఇంకా సీజను మొదట్లోనే ఉన్నాం, ఏడాదంతా నాతో పని ఉంది, నా మీద నాకు నమ్మకం పోకూడదని అనుకుని ఉంటాడని రాశారు. నాకు ఈ కారణం చాలా నచ్చింది. జాలితో ఇవ్వలేదు, అవసరం ఉండి ఇచ్చాడు. ఆటా పోనివ్వలేదు, ఆటగాణ్ణీ పోనివ్వలేదు.

2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ వాళ్ళు 'టే' అనే మాట్లాడే ప్రోగ్రాము వదిలితే, జనం దానికి నానా చెత్తా నేర్పి, ఒక్కరోజు తిరక్కుండా అది బూతులూ ద్వేషమూ కక్కడం మొదలుపెట్టింది. ప్రపంచమంతా నవ్వింది. ఆ టీముకి నాదెళ్ళ గారు రాసిన ఉత్తరంలో సారాంశం, ఆపకండి, నేను మీ వెనక ఉన్నాను, ఎవరికి బాధ కలిగిందో వాళ్ళ బాధ అర్థం చేసుకోండి అని. 2014లో ఆయనే ఒక సభలో, ఆడవాళ్ళు జీతం పెంచమని అడగకుండా కర్మని నమ్ముకోవచ్చన్నట్టు మాట్లాడి చీవాట్లు తిన్నారు. ఆ రోజే ఉద్యోగులందరికీ, నేను చెప్పింది పూర్తిగా తప్పు అని రాశారు. తన తప్పు ముందు ఒప్పుకున్నవాడి దగ్గరకే ఎదుటివాడు తన తప్పు తెస్తాడు. ఆ కంపెనీని మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు లెండి, 2023 జనవరిలో పది వేల ఉద్యోగాలు తీసేస్తున్నామని ప్రకటించింది కూడా వాళ్ళే.

ఇంతవరకు విని, ఓహో అయితే మెత్తగా ఉంటే చాలన్నమాట అనుకుంటున్నారేమో. అక్కడే నేను రెండోసారి బోర్లా పడ్డాను. ఇది చెప్పడం మొదటిదానికన్నా కష్టంగా ఉంది.

ఆ 2012 అనుభవం తర్వాత నేను బాగా మారాననుకున్నాను. ఎవరినీ ఏమీ అనేవాణ్ణి కాదు. మా టీములో ఖమ్మం వైపు ఆయన ఒకాయన ఉండేవారు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. మంచి మనిషి, పండగొస్తే అందరికీ అరిసెలు పట్టుకొచ్చేవారు. కానీ పని మారిపోయింది, ఆయన కొత్తది పట్టుకోలేకపోయారు. ఆయన చెయ్యాల్సింది ఇద్దరు కుర్రాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని సరిదిద్దేవారు. నాకు తెలుసు. మూడేళ్ళు వరసగా ఆయన రివ్యూలో 'బాగుంది' అని రాశాను. ఆయన మనసు నొప్పించడం ఎందుకని. అది మంచితనం అనుకున్నాను.

2019లో మా దగ్గర లేఆఫ్ వచ్చింది. పై నుంచి పేర్లు అడిగారు. ఈసారి పని లెక్కలే చూశారు, నేను రాసిన 'బాగుంది'లు కాదు. ఆయన పేరు వచ్చింది. ఆయనకి ఆ మాట చెప్పినప్పుడు కోపం తెచ్చుకోలేదు. "మూడేళ్ళ నుంచి బాగుందనే కదండీ అన్నారు?" అన్నారు. అంతే. నా దగ్గర జవాబు లేదు.

హెచ్-1 మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులు. ఈ గడువు 2017 నుంచి ఉంది, అంతకు ముందు అదీ లేదు. వాళ్ళమ్మాయి ట్రాయ్‌లోనే పదకొండో క్లాసులో ఉంది. ఆయన ఇల్లు అమ్మకానికి పెట్టారు. యాభయ్యో రోజు దాటాక టెక్సాస్‌లో ఉద్యోగం దొరికింది. ఆ పిల్ల ఆఖరి ఏడాది స్నేహితులని వదిలి ఎక్కడో కొత్త బడిలో చదివింది. వెళ్ళే ముందు ఆడమ్స్ రోడ్డు మీద మన భారతీయ టెంపుల్‌లో ఎదురుపడ్డాం. నేను దగ్గరకి వెళ్ళబోయాను. ఆయన చెప్పులు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగారు. ఆవిడ మాత్రం నాకు నమస్కారం పెట్టారు. ఆ నమస్కారం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మొదటి ఏడాదే గది తలుపు వేసి, "ఇదిగోనండీ, ఇక్కడ ఇబ్బందిగా ఉంది, నేర్చుకోవడానికి ఆరు నెలలు చూద్దాం, ఎవరి సాయం కావాలి?" అని ఉంటే, ఆయన నేర్చుకునేవారో, లేక తీరిగ్గా వేరే ఉద్యోగం చూసుకునేవారో. అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా ఆగేవారో. ఆ తీరిక నేను ఆయనకి లేకుండా చేశాను. అందరి ముందూ ఆ అమ్మాయిని అన్నప్పుడు నేను నా తెలివి చూసుకుని మురిశాను. ఈయన్ని ఏమీ అననప్పుడు నా మంచితనం చూసుకుని మురిశాను. రెండు సార్లూ ఎదుటి మనిషి నాకు కనబడలేదు.

ఇంట్లో కూడా ఇంతే అని మా ఆవిడ అంటుంది. మా చిన్నమ్మాయి తొమ్మిదో క్లాసులో కెమిస్ట్రీలో 'సి' వస్తే, ఆ సంగతి వాళ్ళ అక్కకి తెలుసు, పక్కింటి పిల్లకి తెలుసు, వాళ్ళ కోచ్‌కి తెలుసు. నాకు మాత్రం బడి నుంచి ఉత్తరం వస్తే తెలిసింది. "మీ ఆఫీసులో ఎవరూ ఏమీ చెప్పడం లేదని బాధపడ్డారుగా, మీ ఇంట్లో ఎన్నాళ్ళయిందో చూసుకోండి" అంది మా ఆవిడ. దానికీ జవాబు లేదు. ఇప్పుడు శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఆ వారం నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ముందు నేనే చెబుతున్నాను. మొదట్లో పిల్లలు వింతగా చూశారు. ఇప్పుడు, నాన్నా ఈ వారం నీది చిన్నదే, నాది విను అంటున్నారు. టీములోనూ అలాగే. సోమవారం మీటింగులో మొదటి ఎర్ర రంగు నాదే. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది? కిందటి నెల్లోనే ఒక కుర్రాడి మీద గొంతు లేచింది. మర్నాడు అందరి ముందే క్షమించమన్నాను. అందరి ముందు అన్న మాటకి గది మూలన క్షమాపణ చెబితే చాలదు.

అమ్మా, ఫోను చేసిన ఆవిడా, మీరు వింటున్నారనే అనుకుంటున్నాను. కరుకుదనం నేర్చుకోనక్కర్లేదు. మీకు కావలసింది గొంతు కాదు. మీ టీములో ఎవరికైనా ఏదైనా చెడితే ముందుగా మీ దగ్గరకి వస్తున్నారా, లేక అందరికీ తెలిశాక మీకు తెలుస్తోందా, అది ఒకసారి చూసుకోండి. మీ దగ్గరకే వస్తుంటే మీ పై ఆయన మాట పట్టించుకోకండి.

ఆ అబ్బాయి విషయం మాత్రం నాన్చకండి. ఈ శుక్రవారం రివ్యూ అన్నారు కదా. మెయిలు రాయకండి. పిలిచి, తలుపు వేసి, కబుర్లతో మొదలుపెట్టకుండా పని సంగతే ముందు చెప్పండి. ఏది వెనకబడిందో తారీఖులతో సహా చెప్పండి. గుండ్రంగా మాట్లాడితే అతనికి అర్థం కాదు, ఇంటికెళ్ళి రాత్రంతా దాని అర్థం వెతుక్కుంటాడు. ఆ తర్వాత ఏమైందని అడిగి, మీరు మాట్లాడటం ఆపేయండి. అతను మొదట "ఏం లేదండీ, అంతా బాగానే ఉంది" అంటాడు. ఆ మాట నమ్మి లేచిపోకండి. నేను అక్కడే లేచిపోయాను.

అయ్యాక వీలు చూసుకుని స్టూడియోకి ఫోను చెయ్యండి. సెలవు.